బక్క గుర్రం



ఈ స్టూడియో తలుపు మూసుకోగానే బయటి చప్పుళ్ళన్నీ తెగ్గోసినట్టు ఆగిపోయాయి. నాకిది అలవాటు లేని సంగతి. నేను పుట్టి పెరిగింది ఈ విజయవాడలోనే, ఆటోనగర్ పక్క వీధిలో. తెల్లారితే సుత్తి దెబ్బలు, వెల్డింగు చిటపటలు, ఎక్కడో ఓ లారీకి ఇంజను దించి మళ్ళీ ఎక్కించి రేజ్ చేస్తున్న రొద. పాలవాడి సైకిల్ బెల్లు వినపడక మా అమ్మ పాలు పోగొట్టుకున్న రోజులున్నాయి. 1996లో పెళ్ళై అమెరికా వెళ్ళాను. మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ శివార్లు. అదీ కార్ల ఊరే. ఒక గ్రీజు ఊళ్ళో పుట్టి ఇంకో గ్రీజు ఊరికి కాపురానికి వెళ్ళానన్నమాట.

"మీకు స్పోర్ట్స్ కారుందటగా, దాని గురించి చెప్పండి" అన్నారు రేడియోవాళ్ళు. ఉంది. 1990 మోడల్ మాజ్దా మియాటా. ఎర్రది. ఇద్దరే పడతారు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేయొచ్చు. హెడ్‌లైట్లు పగలంతా బానెట్‌లోకి మునిగి ఉంటాయి, స్విచ్ నొక్కితే కప్ప కళ్ళలాగా పైకి లేస్తాయి. ఇంతవరకూ విని మీ కళ్ళ ముందు సినిమా హీరో దిగే కారేదో మెదిలితే, దాన్ని కాస్త కిందకి దించండి. నా కారు ఇంజను బలం 116 హార్స్‌పవర్. ఈ రోజుల్లో పిల్లల్ని బడిలో దింపే బళ్ళు చాలావాటికి ఇంతకంటే ఎక్కువే. పచ్చదీపం పడగానే పక్కింటావిడ కూరగాయలు తెచ్చుకునే కారు నన్ను దాటి వెళ్ళిపోతుంది. అయినా నాది స్పోర్ట్స్ కారే. ఆవిడది కాదు. ఎందుకంటారా, దానికి ముందు మా నాన్న గురించి చెప్పాలి.

నాన్న ఐదో తరగతి దాకా చదివాడు. పద్నాలుగో ఏట లారీ క్లీనరుగా ఎక్కాడు. టాటావాళ్ళు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి 1954లో లారీలు చేయడం మొదలుపెట్టారు. వాటి ముక్కు మీద మూడు ఆకుల నక్షత్రం ఉండేది. 1969లో ఆ పొత్తు ముగిసింది, నక్షత్రం పోయింది. మా నాన్నకి మాత్రం ఇప్పటికీ అది 'బెంజి బండే'. క్లీనరు నుంచి డ్రైవరయ్యాడు, డ్రైవరు నుంచి మేస్త్రి అయ్యాడు, చివరికి రేకుల షెడ్డొకటి వేసుకున్నాడు. నేను బడి నుంచి వచ్చి హోంవర్కు చేసుకున్నది ఆ షెడ్డులోనే, తిరగేసిన టైరు మీద పలక పెట్టుకుని. షెడ్డులో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉండేది. కార్మికుల కార్యక్రమం వచ్చిందంటే సుత్తి దెబ్బలు కూడా కాస్త మెల్లగా పడేవి.

నాన్న చెవి గురించి ఒక్క ముక్క చెబుతాను. బండి కింద వెల్లకిలా పడుకుని, మొహం మీద నూనె చుక్కలు పడుతుండగా, రోడ్డు మలుపులో ఒక లారీ చప్పుడు వినపడేది. లారీ ఇంకా కనిపించదు. నాన్న కిందనుంచే, "అమ్మాయ్, గుడివాడ ఆయనొస్తున్నాడు, టీ చెప్పు" అనేవాడు. నిజంగానే గుడివాడ ఆయనే దిగేవాడు. బండిని గుర్తుపట్టడం వింత కాదు, ఆటోనగర్‌లో చాలామందికి వచ్చు. నాన్న డ్రైవర్ని గుర్తుపట్టేవాడు. అదే లారీని ఇంకొకడు తోలుకొస్తే, "ఇవాళ ఎవరో కొత్తవాడు" అనేవాడు. ఎలా తెలిసిందని అడిగితే, "ఒకే బండిని ఇద్దరు తోలితే రెండు చప్పుళ్ళమ్మాయ్. ఒకడు గేరు అడిగి తీసుకుంటాడు, ఒకడు లాక్కుంటాడు" అన్నాడు.

ఇక మిషిగన్‌లో మా ఇల్లు. అక్కడ ప్రతి ఇంట్లోనూ కార్ల కంపెనీలో పనిచేసేవాళ్ళు ఒకరుంటారు, లేదా కార్ల కంపెనీకి బోల్టులు అమ్మేవాళ్ళుంటారు. మా వారిది రెండో రకం. కారు సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద పట్టాలుంటాయి చూశారూ, ఆయన ఉద్యోగం ఆ పట్టాల డిజైను. ఎవరి కారెక్కినా, పెళ్ళికి వెళ్ళేటప్పుడు అద్దె కారెక్కినా సరే, ముందు సీటును మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరుపుతారు. ఆ తర్వాతే నమస్కారం. ఆయనకి పికప్ ట్రక్కంటే ప్రాణం. ఏడాదికి రెండుసార్లు ప్లైవుడ్ తేవడానికి మిగతా మూడువందల అరవైమూడు రోజులూ దాన్ని మోస్తారు. మా అబ్బాయిది కరెంటు కారు. మా అమ్మాయి షికాగోలో ఉద్యోగం చేస్తూ రైల్లో తిరుగుతుంది, కారు కొననంటుంది. మా ఇంట్లో ఇది మతం మార్చుకున్నంత పని. మా అత్తగారికి డ్రైవింగు రాదు, కానీ ముందు సీట్లో కూర్చుని అందరికీ నేర్పగలరు.

ఎర్ర కారు 2004 శరత్కాలంలో వచ్చింది. ఒక రిటైరైన బడిపంతులు దాన్ని పద్నాలుగేళ్ళు పిల్లని పెంచినట్టు పెంచి, మోకాళ్ళ నొప్పులొచ్చి ఇక అంత కిందకి దిగి కూర్చోలేక అమ్మేశారు. అప్పటికి మా పిల్లలకి ఏడేళ్ళు, ఐదేళ్ళు. మా వారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇంతమంది ఉన్న ఇంటికి రెండు సీట్ల బండేమిటి?" అన్నారు. "అందరం వెళ్ళడానికి మీ బండి ఉందిగా" అన్నాను. ఆయన సీట్లో కూర్చుని పట్టా జరిపి చూశారు. బాగానే జరిగింది. దాంతో బేరం కుదిరింది.

ఇప్పుడా కారు పుట్టుక. ఇంగ్లండులో ఒకప్పుడు చిన్న చిన్న రెండు సీట్ల కార్లుండేవి. ఎంజీ, ట్రయంఫ్, లోటస్ ఎలాన్ లాంటివి. తక్కువ బరువు, చిన్న ఇంజను, గుడ్డ పైకప్పు. 1980లో ఎంజీబీ తయారీ కూడా ఆగిపోయాక ఆ జాతే దాదాపు అంతరించింది. ఆ రోజుల్లోనే బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల పత్రికా రచయిత, జపాన్‌లో మాజ్దా కంపెనీ ఇంజనీరు కెనిచి యమమోతోని కలిసినప్పుడు, "మీరు ఇప్పుడు ఏ కారు చేస్తే బాగుంటుంది" అన్న మాట వచ్చింది. ఆ పాతరకం చిన్న కారు మళ్ళీ చేయండన్నాడు హాల్. తర్వాత అతను ఆ కంపెనీలోనే చేరాడు, యమమోతో కంపెనీ అధ్యక్షుడయ్యాడు. 1989 ఫిబ్రవరిలో షికాగో కార్ల ప్రదర్శనలో మియాటా బయటికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు, వెనక చక్రాలకి లాగుడు, బరువు టన్నుకి లోపే. 2016లో పది లక్షలవ కారు తయారైంది. కప్పు తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇన్ని అమ్ముడుపోయింది లోకంలో ఇంకోటి లేదు.

దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు ఒక జపాన్ మాటని దగ్గర పెట్టుకుని పనిచేశారట. 'జిన్బా ఇత్తై'. గుర్రం, గుర్రం మీది మనిషి ఒకటే అయిపోవడం. పరుగెత్తే గుర్రం మీదనుంచి బాణం వేసే పాత విద్యలోది ఆ మాట. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. దీనికి జపాన్ దాకా వెళ్ళాలా, మన నలమహారాజు లేడూ?

అరణ్యపర్వంలో కథ మీకు తెలిసిందే. రాజ్యం పోయి, రూపం మారిపోయి, బాహుకుడన్న పేరుతో నలుడు అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు చూసుకుంటుంటాడు. దమయంతికి మళ్ళీ స్వయంవరమనీ, రేపు పొద్దున్నేననీ కబురొస్తుంది. ఒక్కరోజులో విదర్భకి వెళ్ళాలి. బాహుకుడు శాలలోకి వెళ్ళి బక్కచిక్కిన గుర్రాల్ని ఎంచుకొస్తాడు. ఋతుపర్ణుడు గతుక్కుమంటాడు, ఇవేం గుర్రాలయ్యా అని. ఎక్కాక, దారిలో రాజుగారి ఉత్తరీయం గాలికి ఎగిరిపోతుంది. రథం ఆపు, తెప్పిద్దాం అంటాడు. ఆ మాట పూర్తయ్యేసరికే ఉత్తరీయం యోజనం దూరం వెనకబడిపోయింది. నా కారు బరువు తలచుకున్నప్పుడల్లా ఆ బక్క గుర్రాలే గుర్తొస్తాయి. కండలు చూసి కట్టేది ఒక రకం రథం. ఎముక చూసి కట్టేది ఇంకో రకం. బరువు తక్కువైతే మలుపులో కారు వెంటనే తిరుగుతుంది, బ్రేకు వేస్తే వెంటనే ఆగుతుంది, రోడ్డు మీది చిన్న గులకరాయి కూడా స్టీరింగులో చేతికి తెలుస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలోనే మనిషికి చేతినిండా పని. పక్కింటావిడ కారు ఆవిణ్ణి మోసుకెళ్తుంది. నాది నన్ను పని అడుగుతుంది. స్పోర్ట్స్ కారంటే నాకు తెలిసింది ఇంతే.

ఆ కథలో ఇంకో ముక్క ఉంది, దాని దగ్గరకి మళ్ళీ వస్తాను.

కారు కొన్న మొదటి ఆదివారం గుడికి పూజకి తీసుకెళ్ళాం. ఎర్ర కారు మీద కుంకుమ పెడితే కనపడలేదు. స్వస్తిక్ వేద్దామంటే ఆ దేశంలో ఆ గుర్తుకి వేరే అర్థముంది, రోడ్డు మీద గొడవలవుతాయి. పంతులుగారు కాసేపు ఆలోచించి పసుపుతో ఓంకారం రాశారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. మా ట్రక్కు పూజలో నిమ్మకాయలు టపటపా పేలిపోయాయి, ఎక్కినట్టే తెలియలేదు. ఈ కారు మాత్రం ఒక్కో కాయ మీదా ఎక్కి దిగడం నడుముకి తెలిసింది. అత్తగారు పక్క సీట్లో ఉన్నారు. "నిమ్మకాయకే ఇంత కుదుపైతే గుంటలొస్తే ఏమిటే?" అన్నారు. అయినా ఆ రోజు నుంచి ఆ సీటు ఆవిడదే. కొప్పు గాలికి చెదిరిపోతుందని ఆవిడ తలకి కాశ్మీరు శాలువా చుట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, మోడల్ పిల్లలా బయల్దేరేవారు. పూలు పెట్టుకుంటే మటుకు కప్పు తియ్యనిచ్చేవారు కాదు.

రెండు సీట్ల కారుకి ఇంకో గుణముంది. అందులో ముగ్గురి మాటలుండవు. మా అమ్మాయి సంగీతం క్లాసుకి, అబ్బాయి ఈతకి, వంతుల ప్రకారం ఒక్కొక్కరే వచ్చేవారు. పెద్ద బండి వెనక సీట్లో కొట్టుకు చచ్చే పిల్లలు ఇందులో ఒక్కరే కూర్చుంటే పెద్దమనుషుల్లా మాట్లాడేవారు. బళ్ళో తన రంగు గురించి ఎవరో ఏదో అన్నారని మా అమ్మాయి నాకు చెప్పింది ఆ కారులోనే. కప్పు తీసి ఉంది, గాలి హోరు, నా మొహం చూడక్కర్లేదు, రోడ్డు చూస్తూ చెప్పేసింది.

రంగు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. డెట్రాయిట్‌లో జపాన్ కారు ఉండటం ఒకప్పుడు తేలిక కాదు. 1980ల మొదట్లో అక్కడి కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతుంటే కోపమంతా జపాన్ మీదికి మళ్ళింది. 1982 జూన్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ళ కుర్రాణ్ణి, కార్ల కంపెనీలో పనిచేసిన ఇద్దరు, మీవల్లే మా ఉద్యోగాలు పోయాయంటూ బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. అతను జపాన్‌వాడు కాదు, చైనా మూలాలున్న అమెరికన్. కొద్దిరోజుల్లో అతని పెళ్ళి. చంపినవాళ్ళకి ఒక్కరోజు కూడా జైలు పడలేదు, 3,000 డాలర్ల జరిమానా, మూడేళ్ళ ప్రొబేషన్. నేను వెళ్ళేసరికి ఆ వేడి చల్లారింది. అయినా మా వీధి చివర ముసలాయన నా కారు చూసి, "బుజ్జి బండి, పాపం ఇక్కడ పుట్టలేదు" అనేవాడు, సగం నవ్వుతూ. నేను మేస్త్రి కూతుర్ని, ఊరుకుంటానా? "1979 నుంచి మాజ్దాలో పాతిక శాతం దాకా వాటా మీ ఫోర్డుదే కదండీ, ఈ కారు పుట్టినప్పుడు కూడా. మీ చుట్టాల పిల్లే" అన్నాను. ఆయన ఆ తర్వాత దానికి టైరు పంపు అరువిచ్చాడు.

మంచు సంగతి చెప్పకపోతే నా రోజువారీ జీవితం చెప్పినట్టే కాదు. ఈ ఎండల్లో చెబితే మీకు హాయిగా ఉంటుంది కూడా. నవంబరు వచ్చిందంటే అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు కరగడానికి. ఆ ఉప్పునీళ్ళు కారు అడుగుకి పట్టి ఇనుముని తినేస్తాయి. మన సముద్రపు ఒడ్డు ఊళ్ళలో కిటికీ చువ్వల్ని చూశారుగా, అలా. విచిత్రం ఏమిటంటే, డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున, పెద్ద ఉప్పు గని ఉంది. నూరేళ్ళకు పైబడి తవ్వుతున్నారు. పైన కార్లు చేసే ఊరు, కింద కార్లని తినే ఉప్పు. అందుకని నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎర్ర కారుకి సన్యాసం. ట్యాంకు నిండా పెట్రోలు, టైర్లలో కాస్త ఎక్కువ గాలి, బ్యాటరీకి సన్నగా కరెంటు పోసే చిన్న ఛార్జరు, మీద దుప్పటి. వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, చలికి పెళుసెక్కి ఉంటుంది, చలిలో కప్పు మడిచామా చిట్లుతుంది. ఎలుకలు సీట్లలో గూడు పెడతాయని ఒక ఏడు అత్తగారు నాకు చెప్పకుండా కలరా ఉండలు అరకిలో సీట్ల కింద పోశారు. ఎలుకలు రాలేదు. జూలై దాకా నేనూ ఎక్కలేకపోయాను.

ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడి రోడ్ల ఉప్పు కడుక్కుపోయాక ఒకరోజు దుప్పటి తీస్తాను. ఆ రోజు మా ఇంట్లో ఉగాది రెండోసారి వస్తుంది.

వేసవిలో ఆదివారాలు పెద్ద ఖాళీ పార్కింగు స్థలాల్లో పోటీలు జరుగుతాయి. నేలంతా నారింజ రంగు ప్లాస్టిక్ శంకువులు పెట్టి మెలికల దారి చేస్తారు. ఒక్కొక్కరే వెళ్ళాలి, నిమిషం లోపు ఆట ముగుస్తుంది. ఒక శంకువుని తాకితే రెండు సెకన్లు జరిమానా. నేను మొదటి ఏడాది తాకిన శంకువుల లెక్క ఇక్కడ చెప్పను. అక్కడ నాకు ఒక విద్య నేర్పబోయారు. మలుపు ముందు బ్రేకు తొక్కుతూనే, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్ని ఒక్కసారి తట్టి, ఇంజను వేగం పెంచి, కింది గేరు వేయాలి. అప్పుడు కారు కుదుపు లేకుండా మలుపులోకి దిగుతుంది. దీనికి క్లాసులు, ఫీజులు, పుస్తకాలు. రెండు వేసవులు పోయినా నాకు సరిగ్గా పట్టుబడలేదు.

2009 జూన్‌లో నాన్న మిషిగన్ వచ్చాడు. అమ్మ పోయిన ఏడాది అది. ఆ ఊరికి కూడా అది మంచి వేసవి కాదు. ఏప్రిల్ చివర క్రైస్లర్, జూన్ ఒకటిన జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకెక్కాయి. మా వీధిలో అమ్మకపు బోర్డులు లేచాయి. మా వారి కంపెనీలో వారానికి మూడు రోజులే పని. ఆయన మిగతా రోజులు ట్రక్కు కడుగుతూ కూర్చునేవారు, ప్లైవుడ్ అవసరం లేకపోయినా. నాన్న ఏమీ అడగలేదు. ఒక పొద్దున గుడ్డ తీసుకుని ఆయన పక్కన నిలబడి రెండో వైపు తుడవడం మొదలెట్టాడు. అల్లుడుగారూ మామగారూ వారం రోజులు ఒక్క మాట లేకుండా ఆ ట్రక్కుని అరగదీశారు.

తర్వాత నాన్న ఎర్ర కారు బానెట్ ఎత్తాడు. అటూ ఇటూ చూశాడు. మళ్ళీ చూశాడు. "అమ్మాయ్, బ్యాటరీ ఏదే?" అన్నాడు. అందులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, బరువు ముందూ వెనకా సమంగా పంచడానికి. ఆ సంగతి చెబితే నాన్న చాలాసేపు డిక్కీలోకి చూస్తూ నిలబడ్డాడు. "వీడెవడో కావిడి మోసినవాడు" అన్నాడు. పత్రికల్లో ఆ కారు గురించి ఇంతకంటే బాగా రాసిన వాక్యం నేను చదవలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆయన్ని కాలేజీ పార్కింగు స్థలానికి తీసుకెళ్ళి, మనిషన్నవాడు లేడని చూసుకుని, తాళాలు చేతికిచ్చాను. నాన్నకి ఎడమవైపు స్టీరింగు ఎప్పుడూ అలవాటు లేదు. గేరు కోసం ఎడమ చెయ్యి చాపితే తలుపుకి తగిలింది. రెండుసార్లు తలుపునే గేరు మార్చాడు. మూడోసారి కుడిచెయ్యి దారి కనుక్కుంది. రెండు చుట్లు మెల్లగా తిరిగాడు. మూడో చుట్టులో మూడో గేరు నుంచి రెండుకి దిగేటప్పుడు నేను విన్నాను. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి చిన్న రేజ్, మళ్ళీ క్లచ్, రెండో గేరు. ఇంజను గొంతు ఒక మెట్టెక్కి, అక్కడే ఆగింది. కారు తల కూడా ఊపలేదు. పాత లారీల గేరుపెట్టెలు అలా చేస్తే తప్ప గేరు తీసుకునేవి కావు, పళ్ళు కొరికేవి. నలభై ఏళ్ళ కిందట ఘాట్ రోడ్ల మీద, పది టన్నుల బరువుతో, పొట్టకూటికి నేర్చుకున్న పని అది. నేను డబ్బు కట్టి నేర్చుకోలేకపోయిన పని.

"నాన్నా, అదెలా చేశావు?" అన్నాను.

"ఏది?" అన్నాడు.

ఆగస్టులో మూడో శనివారం అక్కడ వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊళ్ళో పిల్లల ఫుట్‌బాల్ మైదానానికి చందాల కోసం మొదలుపెట్టారు, ఇప్పుడు పాంటియాక్ దాకా మైళ్ళ పొడవున సాగుతుంది. ఆ రోడ్డుకీ చరిత్ర ఉంది, 1909లో అమెరికాలో మొదటి మైలు కాంక్రీటు రోడ్డు వేసింది దాని మీదే. ఆ ఏడు మూడో శనివారం సరిగ్గా ఆగస్టు 15న పడింది. నాన్న కాగితపు జెండా ఒకటి అద్దానికి అతికించాడు. రోడ్డుకి రెండు పక్కలా జనం మడత కుర్చీలేసుకుని, మంచినీళ్ళూ తిండీ పెట్టుకుని కూర్చున్నారు. ఉద్యోగాలు పోయినవాళ్ళే చాలామంది అయ్యుంటారు. తాము చేసిన కార్లు తమ ముందు నుంచి వెళ్తుంటే లేచి చప్పట్లు కొడుతున్నారు. "కోటప్పకొండ తిరునాళ్ళలా ఉందే" అన్నాడు నాన్న. నిజంగానే ప్రభల్లా వస్తున్నాయి, ఒక్కోటి ఒక్కో ఇంటి గొప్ప. నాన్న మటుకు చూడటం మానేసి కళ్ళు మూసుకున్నాడు. "ఇది ఎనిమిది సిలిండర్లు. ఇందులో ఒకటి కొట్టట్లేదు. ఇది కొత్త పెళ్ళికూతురు, ఈ మధ్యే ఇంజను పని చేశారు." పక్క కుర్చీలో ఉన్న ముసలాయనకి నేను ఆ మాటలు ఇంగ్లీషులో చెబితే, ఆయన కూడా కళ్ళు మూసుకున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. సాయంత్రం దాకా సిలిండర్లు లెక్కపెట్టుకున్నారు.

మా అబ్బాయికి అప్పుడు పదేళ్ళు. ఇప్పుడు ఇరవయ్యారు. వాడి కరెంటు కారుకి గేర్లే లేవు, చప్పుడు లేదు, కాలు మోపితే నా కారు అద్దంలో చుక్కైపోతుంది. మా వాదన ప్రతి ఆదివారం ఇడ్లీలతో మొదలై సాంబారుతో ముగిసేది. "చప్పుడంటే వృథా అయిపోయిన శక్తేనమ్మా" అంటాడు. మాట నిజమే. వాడు చదువుకున్నవాడు, వాడితో నేను లెక్కల్లో గెలవలేను. ఎర్ర కారుకి అరవై వేల మైళ్ళకోసారి టైమింగ్ బెల్టు మార్చాలి, నూనె మార్చాలి, కప్పు మడత కింద నీళ్ళు పోయే సన్న గొట్టాల్లో రాలిన ఆకులు ఇరుక్కుంటే తీగ పెట్టి గెలకాలి. వాడి కారుకి ఇవేవీ లేవు. ఒకసారి ఆకుల సంగతి మరిచి సీటు వెనక చిన్న చెరువు చేసింది నేనే. అయినా కిందటేడు ఎందుకో, వాడే వచ్చి గేరు నేర్పమన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మానేస్తాడని భయం.

ఇందాక నలుడి కథలో ఒక ముక్క బాకీ పెట్టాను. రథం విదర్భ చేరుతుంది. దమయంతి మేడ మీద ఉంటుంది. వచ్చింది ఎవరో ఆమెకి ఎవరూ చెప్పలేదు. దిగిన సారథి కురూపి, పొట్టివాడు, ముఖం చూస్తే పోల్చుకోలేదు. కానీ అంతకుముందే, రథం ఇంకా నగరంలోకి వస్తుండగానే, ఆ చప్పుడు వింటుంది. ఇలా తోలేవాడు లోకంలో ఒక్కడే అనుకుంటుంది. చిన్నప్పుడు ఈ కథ మాకు అమ్మ చెబుతుంటే నాన్న బండి కిందనుంచే, "మరి?" అన్నాడు. అందులో వింతేముందన్నట్టు.

నాన్నకి ఇప్పుడు ఎనభై నాలుగు. కంటిచూపు మందగించింది. షెడ్డు వేరేవాళ్ళకి ఇచ్చేశాడు, రేడియో మాత్రం ఇవ్వలేదు. నేను వచ్చి పది రోజులైంది. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ మధ్యాహ్నం, మా అబ్బాయి ఫోన్ చేశాడు. కారు బయటికి తీశారట, తాతయ్యకి వినిపిస్తానన్నాడు. ఎవరు నడుపుతారో చెప్పను, తాతయ్యనే చెప్పమను అన్నాడు. నేను ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టాను. కారు ఇంటి ముందు నుంచి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది.

"అల్లుడుగారు" అన్నాడు నాన్న. "మూడో గేరు లాక్కున్నారు. చెప్పకు, బాధపడతారు."

రెండోసారి వెళ్ళింది. వీధి చివర మలుపులో ఇంజను గొంతు ఒక మెట్టెక్కి, అక్కడే ఆగింది. నాన్న ఏమీ అనలేదు. కారు తిరిగొచ్చి ఆగిపోయింది. ఫోన్‌లో మా అబ్బాయి, "తాతయ్యా, తాతయ్యా, వినపడిందా?" అంటున్నాడు. నాన్న నా చేతిలో ఫోన్ ఇంకొంచెం దగ్గరకి లాక్కుని, నాతోనో వాడితోనో తెలియకుండా అన్నాడు.

"అడిగాడమ్మాయ్."